రెండో సాక్షి ఎవరు?

"సార్ పోయిండు" అని ఫోన్‌లో అన్న చెప్పగానే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "అయ్యో" కాదు. "ఇంకెవరు చెప్పిండ్రు?" అని అడిగాను. అవతల అన్న ఏడుస్తూనే నవ్వాడు. "సార్ శిష్యురాలివి అనిపించుకున్నవ్ పో," అన్నాడు. అన్న నా తోడబుట్టినవాడు కాదు. హనుమకొండలో ఇద్దరం ఒకే ఆఫీసులో నీళ్ల పైపులైన్లకు డిజైన్లు చేస్తాం. నాకంటే ముందు బ్యాచ్‌లో అదే సార్ దగ్గర చదువుకున్నాడు. ఆ ఫోన్ పెట్టేసి టీచరమ్మకు చేశాను. టీచరమ్మ అంటే సార్ భార్య. "అవ్ బిడ్డా, మీ సార్ పొద్దుగాల ప్రార్థన చేసుకొని చాయ్ అడిగిండు. నేను చాయ్ పట్టుకొని వచ్చేసరికి లేడు," అన్నారు. రెండు నోళ్లు ఒకే మాట చెప్పాయి. ఇక నమ్మక తప్పలేదు. అప్పుడు ఏడ్చాను.

ఇదేం చోద్యం, చావు కబురుకు కూడా సాక్షులా అనుకుంటారేమో. మా సార్ దగ్గర చదువుకున్నవాళ్లను ఎవరినైనా అడిగి చూడండి. ఆ రోజు వాళ్లూ నాలాగే ఇంకొకరికి ఫోన్ చేసి ఉంటారు. ఆయన నేర్పిన అలవాటు మాకు ఒంటికి పట్టిపోయింది.

సార్ ఇంజనీరింగ్ కాలేజీలో మాకు న్యూమరికల్ మెథడ్స్ చెప్పేవారు. సూత్రం పెట్టి ఒక్క దెబ్బకు తేల్చలేని లెక్కలు కొన్ని ఉంటాయి. వాటిని ఏదో ఒక ఊహతో మొదలుపెట్టి, సవరించుకుంటూ, మళ్లీ సవరించుకుంటూ జవాబు దగ్గరికి చేర్చాలి. చేత్తో చేస్తే తల ప్రాణం తోకకొస్తుంది. అందుకే సార్‌కు ఒక కంప్యూటర్ ల్యాబ్ ఉండేది. అక్కడ మొదటి రోజే ఆయన బ్లాక్‌బోర్డు మధ్యలో పైనుంచి కిందికి సుద్దముక్కతో ఒక గీత గీశారు. ఇద్దరిని లేపి, ఒకే లెక్క ఇచ్చి, ఒకరిని ఈ మూలకు, ఒకరిని ఆ మూలకు పంపారు. ఒకరు ఫోర్ట్రాన్ అనే పాత కంప్యూటర్ భాషలో చేయాలి, ఇంకొకరు సీ భాషలో. "ఒకరి మొకం ఒకరు సూసుకున్నా ఇద్దరికీ సున్నానే," అన్నారు. అయిపోయాక గీతకు చెరోవైపు జవాబులు రాయించారు. రెండూ కలిశాయి. సార్ బోర్డు దగ్గరికి వెళ్లి, డస్టర్ పక్కనే ఉన్నా ముట్టుకోకుండా, అరచేత్తో ఆ గీతను పైనుంచి కిందికి తుడిచేసి "ఆమెన్" అన్నారు. చేతిని ప్యాంటుకు రుద్దుకున్నారు.

కలవకపోతే గీత అలాగే ఉండేది. "గీత ఉన్నదంటే ఎవలదో తప్పున్నదన్నట్టు. ఎవలదో నాకు తెల్వది. కూసోండ్రి, దేవులాడుండ్రి," అనేవారు. గంట కొట్టినా, పక్క క్లాసువాళ్లు గుమ్మం దగ్గర నిలబడి గొణిగినా ఆయనకు ఉలుకూ పలుకూ ఉండేది కాదు. సార్ ప్యాంట్లన్నీ కుడివైపు తెల్లబడి ఉండేవి. ఎంత ఉతికినా పోవడం లేదని టీచరమ్మ ఆయన్ను తిట్టడం నేను చాలాసార్లు విన్నాను.

ఈ సాక్షుల పిచ్చి ఆయనకు వాళ్ల నాన్న నుంచి వచ్చింది. ఆ పెద్దాయన ధర్మసాగర్ దగ్గర ఒక పల్లెలో పాస్టరు. ఊళ్లో పొలం గట్టు తగాదా వచ్చినా, మేక పోయినా జనం ఆయన దగ్గరికే వచ్చేవారట. "మా నాయన సాక్షులను కలవనిచ్చేటోడే గాదు. ఒకణ్ణి చర్చి ఎనక అర్రల కూసోవెట్టు, ఇంకొకణ్ణి బర్ల కొట్టంల నిలవెట్టు. కలిసి కూసున్నోళ్లు ఒక్కతీరుగ మాట్లాడితే అది సాక్ష్యం గాదు, ముచ్చట," అని సార్ చెప్పేవారు. ఆ బర్ల కొట్టాన్ని ఆయన మా ల్యాబులోకి తెచ్చిపెట్టారు.

హాస్టల్లో కుర్రాళ్లు ఏ భాష గొప్ప అని కొట్టుకునే రోజులవి. ఒకడు సీ అంటే ఇంకొకడు పైథాన్ అనేవాడు, మూడోవాడు కొత్తగా ఏదో పేరు చెప్పి ఇద్దరినీ తీసిపారేసేవాడు. నేను తిన్నగా వెళ్లి సార్‌నే అడిగాను.

"సార్, లెక్కలకు ఏ భాష నేర్చుకుంటే మంచిగుంటది?"

"బియ్యం జోకే కాంట ఏరు, బంగారం జోకే కాంట ఏరు. నువ్వు ఏం జోకుతవో ముందుగాల చెప్పు."

"అన్నీ జోకుత సార్."

"గట్లనా! అయితే ఇంకోటి చెప్పు. రేపు నువ్వు జొరమొచ్చి పంటే నీ లెక్క ఎవలు సదువుతరు? ఆళ్లకు అర్థమయ్యే భాష పట్టుకో."

అప్పుడు నాకు ఒళ్లు మండింది. భాష పేరు చెప్పమంటే జ్వరం సంగతి ఎత్తుతాడేమిటీయన అనుకున్నాను. ఇప్పుడు ఆఫీసులో ఎవరైనా వెళ్లిపోయినవాళ్లు రాసిన ప్రోగ్రాం నా నెత్తిన పడినప్పుడల్లా ఆ జ్వరమే గుర్తొస్తుంది.

ఆయనకు ప్రాణం మాత్రం ఫోర్ట్రానే. "మా ముసలోడు" అనేవారు దాన్ని. ఆయన చదువుకునే రోజుల్లో ప్రోగ్రాంను అట్టముక్కల మీద చిల్లులుగా కొట్టించుకొని, ఆ కట్టను సంకలో పెట్టుకొని కంప్యూటర్ ఉన్న చోటుకు బస్సెక్కి పోవాలట. కట్ట జారి కింద పడితే వరుస తప్పి, చేసిన పనంతా బూడిదలో పోసిన పన్నీరే. అందుకని కట్ట అంచు మీద పెన్నుతో ఏటవాలుగా ఒక గీత గీసుకునేవారట. పడిపోయినా గీతను బట్టి మళ్లీ పేర్చుకోవచ్చు. సార్‌కు గీతల మీద అంత మోజు అక్కడే మొదలైందని మేం వెనకాల నవ్వుకునేవాళ్లం.

మేం ఫైనలియర్‌లో ఉండగా కాలేజీకి ఖరీదైన లెక్కల ప్యాకేజీ ఒకటి కొనాలన్నారు. బటన్ నొక్కితే గ్రాఫులు రంగురంగులుగా వచ్చేవి. మేమంతా ఎగిరి గంతేశాం. సార్ ఒక్కరే అడ్డం తిరిగారు. "గది ల్యాబుల మాత్రమే నడుస్తది. ఇంటికి తీస్కపోరాని పనిముట్టు పనిముట్టెట్లయితది? ఎగ్జిబిషన్ అయితది," అన్నారు. ఊరికే దొరికే సాఫ్ట్‌వేర్లను ఏరి, అందరికీ పెన్‌డ్రైవుల్లో ఎక్కించి ఇచ్చారు. వాటిని తెచ్చుకొని కొత్తవాడలో మా ఇంట్లో, మగ్గం పక్కన, మా మేనమామ వాడడం మానేసి ఇచ్చిన కంప్యూటర్‌లో వేసుకున్నాను. మా నాన్న జంపఖానా నేస్తుంటే ఆ దడదడ మధ్య నేను ప్రోగ్రాములు రాసేదాన్ని. ఆయన అడ్డం తిరగకపోతే నేను ఈ పనిలోకి వచ్చేదాన్నే కాదు. ఈ మాట ఆయనతో ఎప్పుడో చెప్పాల్సింది, చెప్పాను కూడా. "సాలు తీయ్," అని కసురుకున్నారు.

ఒకసారి సార్ మా ఇంటికి జంపఖానా కొనడానికి వచ్చారు. పరిచి చూపిస్తే తిరగేసి చూశారు. మా నాన్న ముఖం వెలిగిపోయింది. "రెండు దిక్కుల ఒక్కతీరుగుంటెనే జంపఖానా సార్. మంది ఎవలూ తిరగేసి సూడరు," అన్నాడు. ఆ తర్వాత వాళ్లిద్దరూ నన్ను పట్టించుకోకుండా పోగుల గురించి ఎంతసేపు మాట్లాడుకున్నారో చెప్పలేను. టీ చల్లారిపోయింది.

ఆయనతో వాదన పెట్టుకుంటే మన పరువు దక్కేది కాదు. ఒకసారి నేను దశాంశ బిందువు తర్వాత బారెడు అంకెలున్న జవాబును గొప్పగా బోర్డు మీద రాశాను. సార్ ఆఖరి అంకె మీద వేలు పెట్టి, "ఈయన మీ సుట్టమా?" అన్నారు. కాదన్నాను. "మరి గంత నమ్మకంగ ఎట్ల రాసినవ్? కొలిచింది టేపు పెట్టి, చెప్పేది ఎంటిక మందం దాంక! కంప్యూటర్‌కు సిగ్గుండది బిడ్డా. తెల్వంది గూడ తెలిసినట్టే చెప్తది. సిగ్గు మనకుండాలె." క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ ఇంటికెళ్లేదాకా చెవులు వేడిగానే ఉన్నాయి.

ఇంతకూ నేను చెప్పాలనుకున్నది పోయిన వానాకాలం సంగతి. అది చెప్పకపోతే సార్ సంగతి సగమే చెప్పినట్టు.

ఏటూరునాగారం అవతల ఒక గూడేనికి నీళ్ల లైన్ డిజైన్ చేసే పని మా ఆఫీసుకు వచ్చింది. గుట్ట మీద ట్యాంకు. అక్కడి నుంచి పైపు లోయలోకి దిగి, కింది వాడకు నీళ్లిచ్చి, మళ్లీ ఎత్తెక్కి పై వాడకు పోవాలి. కింది వాడకు ఎలాగూ వస్తాయి. పై వాడకు ఎక్కుతాయా లేదా అన్నదే ప్రశ్న. అక్కడి ఆడవాళ్లు వాగు నుంచి బిందెలతో మోసుకుంటున్నారు. సర్వేకు వెళ్లినప్పుడు ఒక అవ్వ నన్ను ఆపి, "నల్లా పెడుతాండ్లు, మంచిదే. నీళ్లు ఎక్కుతయా బిడ్డా? ఎక్కకుంటే చెప్పు, ఆ నల్లాకు బర్రెను కట్టేసుకుంట," అంది. ఎక్కుతాయి అవ్వా అన్నాను. అనేశాను గానీ ఆ మాట నా మెడకు చుట్టుకుంది.

సార్ పద్ధతిలోనే చేశాం. నేను పైథాన్‌లో రాశాను. అన్న స్ప్రెడ్‌షీట్‌లో చేశాడు. మధ్యలో ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు. భోజనాల దగ్గర కూడా కూరల సంగతే. చివరికి రెండూ పక్కపక్కన పెడితే అచ్చు గుద్దినట్టు కలిశాయి. పై వాడ నల్లాలో కావలసినంత ఒత్తిడితో నీళ్లు వస్తాయి. మర్నాడు పైపులకు ఆర్డరు పెట్టాలి. దానికి ముందు సార్ చేత ఆమెన్ అనిపించుకుందామని ఇద్దరం వాళ్లింటికి వెళ్లాం.

అప్పటికే సార్ ఆరోగ్యం బాగాలేదు. మంచం మీద దిండుకు ఆనుకొని రెండు కాగితాలూ చూశారు. గీత తుడిచే చెయ్యి మాత్రం లేవలేదు.

"ఈ పైపుల లెక్క నీకెవలు నేర్పిండ్రు?" అని నన్ను అడిగారు.

"మీరే సార్."

"నీకు?"

"మీరే గద సార్," అన్నాడు అన్న.

"మరింక రెండు సాక్ష్యాలెక్కడియి? భాషలు రెండు, నోరు ఒక్కటే. అది నాది."

"అయితే మీరే మీ ఫోర్ట్రాన్‌ల ఒకసారి చేయుండ్రి సార్," అన్నాను. నాకు తొందరగా ఉంది.

"నేను చేస్తే ఇంక చెడ్డది. పిల్లలు చెప్పినదానికి తల్లి తలకాయ ఊపినట్టయితది." వంటింటి వైపు తిరిగి పిలిచారు. "ఓ టీచరమ్మా, జర ఇటు రా. నా దగ్గర సదువుకోని మనిషి ఈ ఇంట్ల నువ్వొక్కదానివే ఉన్నవ్."

టీచరమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. ఆమె సర్కారు బడిలో తెలుగు మీడియం పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. కంప్యూటర్ జోలికి ఏనాడూ పోలేదు. నిజం చెప్పొద్దూ, నాకు లోపల విసుగొచ్చింది. ఆమె చేతులు కడుక్కొని, క్యాలెండర్ కాగితం తిరగేసి, క్యాలిక్యులేటర్ పెట్టుకొని కూర్చున్నారు. సార్ లెక్క స్వరూపం చెప్పారు, మమ్మల్ని మాత్రం నోరెత్తనివ్వలేదు. ఆమె అడిగిన దానికే జవాబు చెప్పాలన్నారు.

"పైపు వ్యాసం ఎంత?" అన్నారు టీచరమ్మ.

పైపు మీద వేసే సైజు చెప్పాను.

"లోపటిదా, బయటిదా?"

అన్న నా వైపు చూశాడు, నేను సార్ వైపు చూశాను. "ఏమైంది, గట్ల సూస్తానరు? బోలు స్థూపం లెక్కల మా టెన్త్ పిల్లలు ముందుగాల అడిగేది గిదే," అన్నారామె.

శాంపిల్‌గా తెచ్చిన పైపు ముక్క నా సంచిలోనే ఉంది. టీచరమ్మ దాన్ని కంటికి పెట్టుకొని, అందులోంచి నన్ను చూసి, తర్వాత స్కేలుతో కొలిచారు. మందపాటి ప్లాస్టిక్ పైపు అది. దాని మీద రాసిన సైజు బయటి వెడల్పు. నీళ్లు పోయే సందు అంతకంటే తక్కువ. సార్ ఆ లెక్కను మొదట తయారు చేసింది ఇనుప పైపుల కాలంలో. ఇనుప పైపుకు చెప్పే సైజు ఇంచుమించు లోపలిదే. సార్ అలాగే బోర్డు మీద రాశారు, మేం అలాగే రాసుకున్నాం. పైపులు మారిపోయినా మా చేతులు మారలేదు. చూడడానికి తేడా కాస్తే, కానీ ఈ లెక్కలో వ్యాసం తనను తాను మళ్లీ మళ్లీ హెచ్చవేసుకుంటుంది. గోరంత తేడా కొండంత అవుతుంది. అక్కడే కూర్చొని మళ్లీ చేసి చూస్తే, నీళ్లు కింది వాడ దాకా వచ్చి ఆగిపోయాయి. పై వాడ నల్లా బర్రెను కట్టేసుకోవడానికే పనికొస్తుంది.

సార్ ఆ క్యాలెండర్ కాగితాన్ని తీసుకొని మొదటి నుంచి చదివారు. ఆ ముఖం చూస్తుంటే నాకు భయమేసింది. తర్వాత దగ్గు వచ్చేదాకా నవ్వారు. "పప్పుల కాలేసిన. ఊకున్ననా? ఆ కాలు పట్టుకొనే ఇన్నేండ్లు ఊరంత తిరిగిన," అన్నారు. నవ్వు ఆగాక నా చెయ్యి పట్టుకున్నారు. "భాష మార్చుడు అల్కటి పనే బిడ్డా. నోరు మార్చుడే కష్టం. ఎవలన్న కొత్తోళ్లు అడగాలె."

ఆ సాయంత్రమే పాత విద్యార్థుల గ్రూపులో ఆయన మెసేజ్ వచ్చింది. "నేను చెప్పిన పైపుల లెక్కలో తప్పుంది. ప్లాస్టిక్ పైపులకు వాడినవాళ్లు లోపలి వ్యాసం పెట్టి మళ్లీ చూసుకోండి. తప్పు నాది." అంతే, ఇంకో మాట లేదు. పెద్ద పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్లున్న గ్రూపు అది. అంతమంది ముందు ఆ మాట అనడానికి ఆయనకు నిమిషం పట్టలేదు. నేనైతే నాలుగు రోజులు పక్క మీద దొర్లి ఉండేదాన్ని. ఆ పైపు ముక్కను నా దగ్గర్నుంచి లాక్కొని టేబుల్ మీద పెన్నుల స్టాండుగా పెట్టుకున్నారు. చూడ్డానికి వచ్చినవాళ్లందరికీ చూపించేవారు. "ఇది నా తప్పు. పెన్నులు పెట్టుకోను మంచిగ అక్కరకొచ్చింది."

మేం పెద్ద సైజు పైపుకు మార్చి డిజైన్ మళ్లీ చేశాం. దాన్ని అక్కడివాళ్లకు ఏ రూపంలో అప్పగించాలన్నప్పుడు నేను నా పైథాన్ ప్రోగ్రాం ఇస్తానన్నాను. "ఆడ వాల్వు తిప్పేటోడు ఫోన్ల తెరుస్తడా దాన్ని?" అన్నారు సార్. తెరవడు. స్ప్రెడ్‌షీట్ తెరుస్తాడు. అన్న చేసిందే ఇచ్చాం. అన్న ఆ రోజంతా కాలరెగరేశాడు.

తర్వాత సార్‌ను దవాఖానలో చేర్చారు. ఎప్పుడు చూడబోయినా ఒకటే ప్రశ్న. "నీళ్లు ఎక్కినయా?" ఇంకా పైపులు పూడుస్తాండ్లు సార్ అంటే, "జల్ది చెయ్యమను. నాకు ఆగే ఓపిక లేదు," అనేవారు. ఇంటికి తీసుకొచ్చాక ఒకరోజు మెల్లగా, "నువ్వు ఫోన్ చేసి ఎక్కినయి అంటే నేను నమ్మ. బాటిల్ల పట్టుకరా," అన్నారు. తెస్తాను, ఫికర్ చెయ్యకండి అన్నాను. ఆ నీళ్లు ఎక్కకముందే ఆయన వెళ్లిపోయారు. నాకు చాలా కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు.

సమాధుల తోటకు ఎన్ని బ్యాచ్‌లవాళ్లు వచ్చారో! గేటు దగ్గర నెరిసిన జుట్టు మనుషులు ఇద్దరు లెక్కలకు పైథాన్ భాష మంచిదా, జూలియా భాష మంచిదా అని గొంతు తగ్గించి వాదించుకుంటున్నారు. పాట మొదలవగానే ఇద్దరూ ఒకేసారి ఆగిపోయారు. సార్ వింటే ఏం జోకుతార్రా మీరు అని అడిగేవారు.

ఆ తర్వాత వారమే గూడెంలో నీళ్లు వదిలారు. అన్న కింద వాల్వు దగ్గర ఉన్నాడు. నేను పై వాడ నల్లా దగ్గర, జనం మధ్యలో నిలబడ్డాను. ముందు గాలి బుసలు కొట్టింది. తర్వాత ఏమీ లేదు. అవ్వ నన్నే చూస్తోంది. "ప్రభువా" అన్నాను, నేను చర్చికి పోయేదాన్ని కాకపోయినా. నల్లా దగ్గి, ఎర్రటి నీళ్లు కక్కి, ఇంకోసారి దగ్గి, ఆ తర్వాత తెల్లగా ధార కట్టింది. పిల్లలు కేకలేశారు. నేను తొందరలో బాటిల్ పెడితే సగం నీళ్లు కొంగు మీదే పడ్డాయి.

"ఎవలకు బిడ్డా బాటిల్?" అంది అవ్వ.

"మా సార్‌కు అవ్వా. ఈ నీళ్లు ఎక్కేతట్టు చేసింది ఆయనే. పోయిండు."

అవ్వ నా బాటిల్‌ను ఎగాదిగా చూసింది. "అయితే మా ఇంటి ముందటి నల్లావి గూడ తీస్కపో. మాదే ఆఖరు ఇల్లు," అని లోపలికెళ్లి ఒక పాత కూల్‌డ్రింక్ బాటిల్ కడిగి, నన్ను ముట్టుకోనివ్వకుండా తానే నింపి మూత బిగించి తెచ్చింది.

ఆ సాయంత్రం నేరుగా సార్ ఇంటికి వెళ్లాను. టీచరమ్మ ఒక్కరే ఉన్నారు. సార్ టేబుల్ అలాగే ఉంది, పైపు ముక్కలో పెన్నులు కూడా. నేను పట్టిన బాటిల్ తీసి ఇచ్చాను. ఆమె దాన్ని వెలుతురుకు పెట్టి చూశారు.

"ఇది ఎవలు పట్టిండ్రు?"

"నేనే అమ్మా."

"మరి రెండోది?"

సంచిలోంచి అవ్వ బాటిల్ తీశాను. "ఇది గూడెం అవ్వ పట్టింది. ఆఖరు ఇంటి నల్లా. ఆమె సార్ దగ్గర సదువుకోలే."

టీచరమ్మ తల ఊపారు. రెండు బాటిళ్లనూ టేబుల్ మీద పక్కపక్కన, మధ్యలో కాస్త సందు వదిలి పెట్టారు. తర్వాత ఆ సందులో, ఖాళీ బల్ల మీద, అరచేత్తో ఆ చివర నుంచి ఈ చివరకు మెల్లగా తుడిచారు. తుడిచిన చేతిని, సార్ ప్యాంటుకు రుద్దుకున్నట్టే, చీరకు రుద్దుకున్నారు.